జీవకణము : విరామము - విభజన

కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుడు వ్రాసే వ్యాసమంటే ప్రబంధ నాయికను గురించో, భావకవిత్వాన్ని గురించో, సామెతలలోని లోకజ్ఞతను గురించో ఉంటుందని చదువరులు అనుకోవడం సహజం. ఈసారి నేను నా పొలం గట్టు దాటి పక్క పొలంలో అడుగు పెడుతున్నాను. విజ్ఞాన శాస్త్ర శాఖలోని మిత్రులు మన్నింతురు గాక. ఎంత గొప్ప విషయమైనా వినేవాని భాషలోకి దిగి వచ్చినప్పుడే అది అతనిదవుతుంది. నేను ఎం.ఏ. చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా వెలసింది. అంతకు ముందటి ఏడే నెలకొల్పిన దారుత్తర్జుమా, అనగా అనువాద విభాగం, శాస్త్రాలన్నింటికీ ఉర్దూలో మాటలు కూర్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగుకు అట్టి సేవయే చేసింది. ఉర్దూలో ‘ఖలియా’ అన్నా, తెలుగులో ‘కణం’ అన్నా చెప్పేది ఒక్కటే. ఆ కణం చేసే ఒక చిత్రమైన పనిని గూర్చి, దాని ఫలితం మన ఇళ్లలోకి ఎట్లా వస్తుందో దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాను.

కణానికి ప్రధానమైన స్థితులు రెండు. ఒకటి విరామం, రెండవది విభజన. విభజన చెందే కణం తనలోని వారసత్వ సామగ్రిని రెట్టింపు చేసుకొని, రెండు సమభాగాలుగా పంచి, తాను రెండు కణాలవుతుంది. గాయం మానేటప్పుడు, గర్భంలో శిశువు పెరిగేటప్పుడు జరిగేది ఇదే. విరామంలో ఉన్న కణం విభజనను నిలిపి, తన చోట తాను నిలిచి, అవసరమైన పనులు చేసుకుంటూ ఉంటుంది. విరామమంటే ఏ పనీ లేకపోవడమని చాలా కాలం భావించారు. ఈ భావన సరికాదని తెలియజేసిన వాటిలో ఒకటి, కంటికి కనబడని ఒక సన్నని రోమం.

జీవశాస్త్ర విద్యార్థులకు ‘శైలిక’ అనే మాట తెలుసు. లాటిన్‌లో దీనికున్న పేరుకు కనురెప్ప అని, కనురెప్ప వెంట్రుక అని అర్థం. మన శ్వాసనాళంలోని కణాలకు వందలాది శైలికలుంటాయి. అవి గాలికి ఊగే వరిచేను వలె కదులుతూ దుమ్మును, కళ్లెను పైకి నెట్టుతుంటాయి. నేను చెప్పబోయేది ఆ జాతిది కాదు. మన శరీరంలోని చాలా రకాల కణాలకు ఒక్కొక్క కణానికి ఒక్కటంటే ఒక్కటే శైలిక ఉంటుంది. అది సాధారణంగా ఊగదు, కదలదు. దానిని ప్రాథమిక శైలిక అంటారు. దాని పొడవు కొద్ది మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. దాని మందం మైక్రానులో నాలుగవ వంతు ప్రాంతం.

ఈ ఒంటరి శైలికను 1898లో జిమ్మర్‌మన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు మానవ మూత్రపిండ కణాలలో వర్ణించాడు. ఏదో గ్రాహక శక్తి దీనికి ఉండవచ్చునని ఆయన ఊహించాడు. కాని ఆ ఊహను పట్టించుకున్నవారు తక్కువ. 1968లో సొరోకిన్ అనే శాస్త్రవేత్త దీనికి ‘ప్రాథమిక’ అనే విశేషణం స్థిరపరచాడు. అటు తర్వాత కూడా ఇది పరిణామక్రమంలో పనికిరాక మిగిలిన అవశేషమని, మనిషికి తోక ఎముక వంటిదని తలచినవారే ఎక్కువ. శతాబ్దం గడిచిన తర్వాతనే లోకం దానిని తగిన గౌరవంతో చూడనారంభించింది.

దాని పని ఏమిటి? బయటి నుండి వచ్చే రసాయనిక సందేశాలను అందుకొని లోపలికి చేరవేయడం. ఇంటి పైకప్పు మీద నిలబెట్టిన ఏరియల్ వంటిది. పొరుగు కణాలు ‘పెరుగు’ అన్నా, ‘ఆగు’ అన్నా, ‘నీవు వేలు కావాలి, నీవు అరచేయి కావాలి’ అన్నా ఆ మాటలలో ముఖ్యమైనవి కొన్ని ఈ శైలిక ద్వారానే వినబడతాయి. పిండంలో అవయవాలను తీర్చిదిద్దే ‘హెడ్జ్‌హాగ్’ అనే సంకేతానికి వెన్నెముక గల జంతువులలో ఈ శైలిక అవసరమని 2003లో వెల్లడైంది.

ఇక అసలు చిక్కు దగ్గరకు వస్తాను. శైలిక ఊరకే గాలిలో నిలబడదు గదా. దానికొక పునాది రాయి ఉండాలి. ఆ రాయి సెంట్రియోల్ అనే చిన్న గొట్టం. తొమ్మిది జట్ల సూక్ష్మనాళికలు గుండ్రంగా పేర్చినట్లు ఉంటుంది. విరామంలోని కణంలో ఇట్టివి రెండుంటాయి. రెండింటిలో పెద్దది, తల్లి సెంట్రియోల్, కణత్వచం వద్దకు పోయి ఆనుకొంటుంది. దాని మీదనే శైలిక మొలుస్తుంది. కాని అదే సెంట్రియోల్‌కు మరొక ఉద్యోగం కూడా ఉన్నది. కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండె ఏర్పడుతుంది. ఆ కండెకు రెండు కొసలలో ధ్రువాలుగా నిలిచే నిర్మాణాల నడుమ ఉండేవి సెంట్రియోల్‌లే. మనిషి ఒక్కడు, కుర్చీలు రెండు. రెండింటిలో ఒకేసారి కూర్చోవడం సాధ్యం కాదు.

మన శంషాబాద్ వాసులకు ఇది సులభంగా బోధపడే సంగతి. 2008 మార్చిలో ఇక్కడి విమానాశ్రయం ప్రారంభమైంది. దాని ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దాని పక్కన సమాంతరంగా మరొక దారి ఉన్నది. మామూలు రోజులలో విమానాలు నింపాదిగా నడిచిపోయే దారి అది. ప్రధాన రన్‌వేకు మరమ్మతు వచ్చినప్పుడు మాత్రం విమానాలు దిగేదీ ఎగిరేదీ దాని మీదనే. ఒకే నేల, రెండు పనులు. కాని ఒక పని నడుస్తుండగా రెండవ పనికి దానిని వాడరు. ఎప్పుడు ఏ పనికి వాడాలో నిర్ణయించే అధికారి ఒకరుండాలి, ఆ ఆజ్ఞ పాటించబడాలి. కణంలోనూ అట్టి ఏర్పాటే ఉన్నది.

విభజన చెందే కణాలు ఈ శైలికను ఎట్లా అదుపులో పెడతాయి? ఇక్కడ రెండు తాళాలున్నాయని స్థూలంగా చెప్పవచ్చు. మొదటిది మొలవనీయని తాళం. సీపీ110 అనే ప్రోటీన్ సెంట్రియోల్ కొసకు మూతవలె బిగిసి ఉంటుంది. కణం విభజన చక్రంలో తిరుగుతున్నంత కాలం ఆ మూత తీయబడదు. విరామంలోకి పోయే వేళ తల్లి సెంట్రియోల్ మీది మూత మాత్రం తొలగుతుంది, శైలిక మొలుస్తుంది. ఈ ప్రోటీన్‌ను తొలగిస్తే, మొలవరాని సమయంలో కూడా కణాలలో శైలికలు మొలిచాయని, దానిని అధికంగా ఉంచితే మొలవవలసిన కణాలలో కూడా మొలవలేదని 2007లో న్యూయార్క్‌లో డిన్‌లాక్ట్ బృందం చూపింది. రెండవది మొలిచిన దానిని దించే తాళం. కణానికి పెరుగుమనే సందేశం అందగానే అరోరా-ఏ అనే ఎంజైమ్ శైలిక పాదం వద్ద మేల్కొంటుంది. అది మరొక ఎంజైమ్‌ను ప్రేరేపిస్తుంది. ఆ రెండవది శైలికలోని సూక్ష్మనాళికల స్థిరత్వాన్ని సడలిస్తుంది. శైలిక కుదించుకొని కణంలోకి కలిసిపోతుంది. ఇది కూడా 2007లోనే ఫిలడెల్ఫియాలో గోలెమిస్ బృందం కనుగొన్నది. ఆశ్చర్యమేమంటే, అరోరా-ఏ అంతకు పూర్వమే విభజన సమయంలో కండె ధ్రువాల వద్ద చేసే పనికి పేరుపొందినది. పందిరి వేయవలసిన మేస్త్రీయే ముందుగా వచ్చి పాత గుడారం ఊడదీసినట్లయింది.

శైలిక దిగిన తర్వాత సెంట్రియోల్‌లు ఒక్కసారి మాత్రమే రెట్టింపవుతాయి. కండె కట్టబడుతుంది. క్రోమోజోములు చెరిసగం పంచబడతాయి. పుట్టిన రెండు కణాలు మరల తమ తమ శైలికలను నిలబెట్టుకోవడానికి సిద్ధపడతాయి. అక్కడా ఒక విశేషమున్నది. పాత తల్లి సెంట్రియోల్‌ను వారసత్వంగా పొందిన కణమే సాధారణంగా ముందుగా శైలికను లేపుతుందని 2009లో తేలింది. అక్కాచెల్లెళ్లలో పెద్దామెకు ముందుగా పెద్దరికం అబ్బినట్లు, ఆ కణమే మొదట బయటి మాటలు వినగలుగుతుంది.

విరామానికీ శైలికకూ ఈ పొత్తు ఉన్నదని 1979లోనే టక్కర్, పార్డీ, ఫుజివారా అనే ముగ్గురు పరిశోధకులు గాజుపాత్రలో పెంచిన కణాలలో గమనించారు. పోషకద్రవాన్ని తగ్గించి విరామంలోకి పంపితే శైలికలు లేచాయి. మరల పోషకమిచ్చి పెరుగుదలకు పిలిస్తే శైలికలు దిగిపోయాయి. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు బొమ్మ గీసే క్లామిడోమోనాస్ అనే చెరువునీటి శైవలం కూడా విభజనకు ముందు తన రెండు కశాభాలను లోపలికి తీసుకుంటుంది. ఆ పచ్చని సూక్ష్మజీవిలో కశాభం కట్టడానికి కావలసిన ఒక జన్యువును పరిశీలిస్తూ పోయిన శాస్త్రజ్ఞులకు 2000లో ఒక విచిత్రం కనబడింది. అదే జన్యువు ఎలుకలో చెడితే మూత్రపిండ కణాల శైలికలు పొట్టివవుతున్నాయి. ఆ ఎలుకల మూత్రపిండాలలో నీటి తిత్తులు నిండుతున్నాయి. అవశేషమని తోసివేసిన రోమం లోపిస్తే అవయవమే చెడుతున్నదని నాడు తెలిసింది.

ఈ కథలో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉన్నది. హబ్సిగూడ వద్ద ఉప్పల్ రోడ్డు మీద ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రాన్ని మీరు సీసీఎంబీ అన్న పేరుతో ఎరుగుదురు. 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో రూపుదిద్దుకొన్న సంస్థ అది. అక్కడ కండర మూలకణాలను చిరకాలంగా పరిశోధించిన జ్యోత్స్న ధావన్ బృందం 2020లో ఒక పరిశోధన ప్రకటించింది. కండరంలో కొన్ని కణాలు నిద్రాణంగా ఉండి, గాయమైనప్పుడు లేచి కండరాన్ని బాగుచేస్తాయి. ఆ నిద్రాణ కణాలకు ప్రాథమిక శైలిక ఉంటుంది. పూర్తిగా కండర తంతువుగా మారినవాటికి ఉండదు. ఇట్టి కణాలను ప్రయోగశాలలో పెంచి, శైలిక కట్టడానికి కావలసిన ప్రోటీన్‌ను తగ్గించి చూశారు. ఆ కణాలు విభజన ఆపగలిగాయి గాని వాటి విరామం సరిగా కుదరలేదు. విభజనకు సంబంధించిన జన్యువులు అణగి ఉండవలసిన సమయంలో హెచ్చుగా పనిచేశాయి. ప్రోటీన్ల తయారీ పెరిగింది. తమవంటి మూలకణాలను మరల నిలుపుకొనే శక్తి తగ్గింది.

ఈ ఫలితం నన్ను ఎంతో ఆలోచింపజేసింది. విభజన చెందే కణం శైలికను దించుతుందని మాత్రమే ఇంతదాకా చెప్పుకొన్నాము. హైదరాబాద్‌లో తేలినది దానికి మరొక వైపు. నిలబడిన శైలిక, తిరిగి, విభజన కాంక్షను అణచి ఉంచుతున్నది. కావున విరామం దానంతట అది వచ్చేది కాదు. దానిని శ్రద్ధతో నిలుపుకోవాలి. అనేక రకాల కేన్సర్ కణాలలో ఈ శైలికలు లోపిస్తాయన్న సంగతిని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అయితే కొన్ని కేన్సర్లు శైలిక ద్వారా వచ్చే సంకేతాన్నే ఆధారం చేసుకొని పెరుగుతాయి కనుక, శైలిక పోవడమే రోగకారణమని తొందరపడి తీర్మానించరాదు.

ఇదంతా ప్రయోగశాలల సంగతి గదా, మన ఇళ్లకు దీనితో ఏమి పని అని మీరు అడగవచ్చు. నేను ఈ విషయం చదవడం ప్రారంభించినదే ఒక ఇంటి కోసం. నాకు వరుసకు అక్క, మా ఖాలా కూతురు ఒకామె, శంషాబాద్ దాటిన తర్వాత ఒక పల్లెలో ఉంటుంది. ఆమె కుమారుడు చేతులకు, కాళ్లకు ఆరేసి వేళ్లతో పుట్టాడు. గ్రహణం నాడు గర్భిణి కత్తిపీట ముట్టినందుకే ఇట్లా జరిగిందని ఇంటి పెద్దలు తేల్చారు. ఈ నమ్మకంలో మన పల్లెలలో హిందువులని, ముస్లిములని భేదం లేదు. పిల్లవాడు లావుగా పెరిగాడు. ఏడెనిమిదేళ్ల వయసులో మగ్రిబ్ నమాజుకు మసీదుకు పోతూ గడపలు తన్నుకొని పడసాగాడు. సోమరితనమని ఒకరు, చేతబడి అని ఒకరు అన్నారు. చివరకు నగరంలో ఒక కంటి వైద్యుడు రెటీనాను చూశాడు. చేతులమీది పాత మచ్చలను చూశాడు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులా అని అడిగాడు. మూత్రపిండాలను కూడా పరీక్ష చేయించమన్నాడు. బార్డెట్-బీడిల్ అనే వ్యాధి పేరు మేము వినడం అదే మొదలు. ఇంటికి వచ్చిన తర్వాత ఆపా నన్ను పక్కకు పిలిచి, “తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. నిజం చెప్పు. ఆనాడు నేను కత్తి పట్టుకున్నందుకే పిల్లగానికి గిట్లయ్యిందా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ప్రాథమిక శైలిక వద్ద ఉన్నది. ఫ్రెంచి వైద్యుడు బార్డెట్ 1920లో, బీడిల్ 1922లో ఈ లక్షణాల కూటమిని వర్ణించారు. వేలికీ కంటికీ మూత్రపిండానికీ ఏమి సంబంధమో అప్పుడు ఎవరికీ తెలియదు. ఈ వ్యాధికి సంబంధించిన ప్రోటీన్‌లలో ఒకటి శైలిక పాదం వద్ద, అనగా మనం పైన చెప్పుకొన్న సెంట్రియోల్ పునాది వద్దనే ఉంటుందని 2003లో కనుగొన్నారు. ఇట్టి ప్రోటీన్‌లు కొన్ని కలిసి శైలికలోకి, శైలిక నుండి బయటకు జరిగే రవాణాను నడుపుతాయి. అవి చెడితే శైలిక నిలబడినప్పటికీ రాకపోకలు తప్పుతాయి. పిండంలో చేతి మొగ్గకు ఎన్ని వేళ్లు కావాలో చెప్పే సంకేతం సరిగా వినబడక ఆరవ వేలు వస్తుంది. ఆకలి తీరిందని చెప్పే సంకేతాన్ని మెదడు కణాలు సరిగా అందుకోలేవు, అందువలన స్థూలకాయం. మూత్రపిండం కూడా దెబ్బతినవచ్చు.

కన్ను సంగతి మరీ చిత్రమైనది. మసక వెలుతురులో చూపునిచ్చే దండకణాలలో కాంతిని పట్టే భాగం ఒక ప్రాథమిక శైలిక విస్తరించి ఏర్పడినదే. ఆ కణాలు ఒకసారి రూపొందిన తర్వాత మరల విభజన చెందవు. తక్కిన కణాల వలె శైలికను దించి తిరిగి లేపుకొనే అవకాశం వాటికి లేదు. ఆ శైలికయే జీవితాంతం పనిచేయాలి. అందులోని కాంతిగ్రాహక పలకలు సుమారు పది రోజులకొకసారి పూర్తిగా మారుతుంటాయి. కొత్త పలకల సామగ్రి అంతా ఒక సన్నని మెడ గుండా పోవాలి. ఆ మెడలో రవాణా తప్పితే దండకణం క్రమంగా నశిస్తుంది. మొదటి చిహ్నం రేచీకటి.

మరి ఇది ఎవరి వలన వచ్చింది? ప్రతి జన్యువుకు మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ వ్యాధి సాధారణంగా అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. ఒక ప్రతి చెడినా రెండవది పని నడుపుతుంది కనుక తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యవంతులే. ఇద్దరి నుండీ చెడిన ప్రతియే బిడ్డకు వస్తేనే వ్యాధి. అట్టి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశముంటుంది. గ్రహణానికి దీనిలో పాత్ర లేదు, కత్తిపీటకు లేదు. తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే. నేను ఈ మాట ఆపాకు చెప్పిన రోజున ఆమె భర్త కూడా పక్కనే ఉన్నాడు. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే ఇద్దరిదీ” అన్నాడు. ఆ ఇంట్లో ఆ తర్వాత కత్తిపీట ప్రసక్తి రాలేదు.

తాతముత్తాతలు ఒక్కరే అయిన దంపతులు ఒకే చెడిన ప్రతిని మోసే అవకాశం ఎక్కువ. మన తెలుగు నాట మేనరికాలు అనేక కులాలలో ఆచారం. మన ముస్లిం కుటుంబాలలో ఖాలా, ఫూఫీ, చాచా పిల్లల నడుమ నిఖాలు సామాన్యం. అన్ని మేనరికాలూ ఇట్టి ఫలితాన్ని ఇస్తాయని కాదు. ఎక్కువ జంటలకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. బంధుత్వం లేని దంపతులకు కూడా ఇట్టి బిడ్డ పుట్టవచ్చు. కాని ఇంటిలో ఒక బిడ్డకు ఇట్టి వ్యాధి కనబడిన తర్వాత, ఆ వంశంలోనే తిరిగి సంబంధం కలుపుకొనే ముందు జన్యు సలహా తీసుకోవడం వివేకం. దానికి దూరదేశాలు పోనక్కరలేదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వంశపారంపర్య రెటీనా వ్యాధుల జన్యువులను చిరకాలంగా పరిశోధిస్తున్నారు. ఉప్పల్‌లోని డీఎన్ఏ వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం జన్యు వ్యాధులను నిర్ధారించడంలో పేరుపొందినది. ఈ వ్యాధిని సమూలంగా పోగొట్టే మందు లేకున్నను, మూత్రపిండాలను కనిపెట్టి ఉండడం, బరువును అదుపులో పెట్టడం, చూపు తగ్గిన పిల్లవానికి తగిన పద్ధతిలో చదువు చెప్పడం మన చేతిలో ఉన్న పనులే. మా ఆపా కొడుకు నేడు తరగతిలో మొదటి బల్ల మీద కూర్చుంటున్నాడు. సంధ్యవేళ మసీదుకు తండ్రి చేయి పట్టుకొని పోతున్నాడు.

విద్యార్థులారా, మీలో కొందరు జీవశాస్త్రం చదువుతున్నారు. సీసీఎంబీ ద్వారాలు విద్యార్థుల సందర్శనకు తెరిచే రోజులుంటాయి. అట్టి రోజున తప్పక పోయి, సూక్ష్మదర్శినిలో ఒక కణాన్ని మీ కంటితో చూచి రండి. మీలో మరికొందరు తెలుగో ఉర్దూయో చదువుతున్నారు. మీ పని కూడా తక్కువది కాదు. పరిశోధకుడు కనుగొన్న సత్యం ఆంగ్ల పత్రికలో అచ్చయిన తర్వాత, పల్లెలో ఒక తల్లి చెవిని చేరడానికి ఏళ్లు పడుతున్నది. ఆ లోపల ఆమె చేయని నేరానికి శిక్ష అనుభవిస్తూనే ఉంటుంది. మీ ఇరుగుపొరుగున ఆరు వేళ్లతో పుట్టి, చీకటి పడగానే తడుముకొనే బిడ్డ ఉంటే, వానిని కంటి వైద్యునికి చూపించమనండి. ఆ బిడ్డ తల్లిని ఎవరైనా నిందిస్తుంటే, ఈ వ్యాసంలో చదివినది ఆ ఇంటి భాషలో, ఆ ఇంటి పెద్దలందరి ఎదుట చెప్పండి.